లైఫ్ జాకెట్ మీద ఆకుపచ్చ కుట్టు

మా కాలేజీ స్టాఫ్ రూములో నా మీద ఒక కథ తిరుగుతోంది. విమల మేడమ్, వాళ్లాయన కలిసి క్రూజ్ ఓడెక్కారట. పాస్‌పోర్టు లేక వెనకబడిపోయిన ఆడపడుచు ఆ బెంగతోనే చచ్చిపోయి, తెల్లచీర కట్టుకుని ఓడలో ప్రత్యక్షమై, మేడమ్ గొంతు నులిమిందట. చెప్పేవాళ్లు చివర్లో గొంతు తగ్గించి, కళ్లు పెద్దవి చేసి మరీ చెబుతున్నారు.

ఇందులో నాలుగు అబద్ధాలున్నాయి.

ఒకటి, మా వదిన చచ్చిపోలేదు. నిన్న సాయంత్రం కూడా పూర్ణా మార్కెట్ దగ్గర ఒక ఆటోవాడితో దెబ్బలాడి గెలిచింది. రెండు, ఆవిడకి తెల్లచీరే లేదు. భర్త పోయిన ఏడాది చర్చిలో ఎవరో తెల్లచీర కట్టుకోమని సలహా ఇస్తే, "మిసను నూనె మరకలు నువ్వొచ్చి ఉతుకుతావేటి?" అని అడిగి నోరు మూయించింది. మూడు, నా గొంతు ఎవరూ పట్టుకోలేదు. పట్టుకున్నది నడుం. నాలుగో అబద్ధం సంగతి తర్వాత చెబుతాను. దాని దగ్గరకి రావడానికి నాకు కాస్త సమయం కావాలి.

నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. మా నాన్న రాజమండ్రిలో చర్చి సంఘ పెద్ద. పోయినవాళ్లు దేవుడి దగ్గరుంటారు, చింతచెట్ల మీద కాదు అని మమ్మల్ని పెంచాడు. దువ్వాడలో జూనియర్ కాలేజీ పిల్లలకి నేను ఇరవై రెండేళ్లుగా సివిక్స్ చెబుతున్నాను. ఎవరేం చెప్పినా "ఆధారమేమిటి?" అని అడగడం నాకు ఊపిరి పీల్చుకోవడం లాంటిది. ఈ అలవాటు వల్ల నాకు స్నేహితులు తక్కువ. అందుకే ఇక్కడ కూడా జరిగింది జరిగినట్టు ఆధారాలతోనే చెబుతాను. వాటిలో ఎక్కువ భాగం నాకే వ్యతిరేకంగా ఉంటాయి, అది వేరే సంగతి.

మా ఆయన ప్రకాశం స్టీల్ ప్లాంట్‌లో పనిచేస్తారు. రత్నం వదిన ఆయనకి అక్క. వాళ్లు పుట్టి పెరిగింది వైజాగ్ పాత ఊళ్లో, కోట వీధి సందుల్లో. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి చదివించింది వదినే. అదీ కుట్టుమిషను మీద. పోర్టు గేటుకి దగ్గర్లో ఓడలకి సామాను సరఫరా చేసే షాపు ఒకటుండేది. అక్కడ ముప్ఫయ్యేళ్లు టార్పాలిన్ కప్పులు, జెండాలు, చిరిగిన లైఫ్ జాకెట్లు కుట్టింది. కుట్టిన సరుకు మూటగట్టి గేటుదాకా మోసేవాళ్లు ఆడవాళ్లే. గేటు దగ్గర మగవాళ్లు అందుకుని లోపలికి తీసుకుపోయేవారు. వీళ్లు వెనక్కి తిరిగేవారు. ముప్ఫయ్యేళ్లూ అంతే. ఆ షాపు మూసేశాక ఇంట్లో బ్లౌజులు కుడుతోంది. నా బ్లౌజులన్నీ ఆవిడవే.

వైజాగ్ నుంచి క్రూజ్ ఓడలు వెళ్తున్నాయని తెలిశాక మా ఆయనకి ఒకటే కోరిక, అప్పని కూడా తీసుకెళ్లాలని. అక్కని అప్ప అంటారు ఇక్కడ. వదినకి చెబితే ఆవిడ మొహం చూడాలి.

"ముప్ఫయ్యేళ్లు ఓడలకి కుట్టేను విమలా. లోపలెలాగుంటాదో ఒక్కపాలీ సూళ్లేదు. నాను కుట్టిన జాకెట్లు ఎక్కడ ఏలాడదీత్తారో సూడాలి."

అప్పుడు నేను నవ్వాను. నిజంగానే నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు పోయింది.

కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. అదే ఓడకి మా కాలేజీ ఇంగ్లీషు లెక్చరర్ నిర్మల, ఆమె భర్త కూడా టిక్కెట్లు తీసుకున్నారు. నిర్మల ఫోర్కుతో మామిడిపండు తినగల మనిషి. ఆమె పక్క టేబుల్ దగ్గర మా వదిన కూర్చుని, మడతపెట్టిన చపాతీలు రుమాల్లో మూటగట్టుకుంటూ, వడ్డించేవాణ్ణి "ఏటి బావూ, నీదేవూరు? పెల్లయిందా?" అని అడుగుతుంటే నేనెటు చూడాలి? నైటీ మీద తువ్వాలేసుకుని డెక్ మీదకొస్తే? నేను గోదావరి మనిషిని. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆవిడ "ఏటి" అన్నప్పుడల్లా పక్కన ఎవరైనా విన్నారేమోనని చూసే నీచపు అలవాటు నాకుంది. తమ్ముడి చదువు కోసం కళ్లు పాడుచేసుకున్న మనిషి మాటకి, ఆ చదువుతో వచ్చిన క్వార్టర్‌లో కూర్చుని నేను సిగ్గుపడ్డాను.

బుకింగ్ పని నాది. ముగ్గురికని మా ఆయన చెప్పిన క్యాబిన్‌ని ఏజెంటుకి ఫోన్ చేసి ఇద్దరికి మార్చాను. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక వదినతో చెప్పాను, ఓడెక్కడానికి పాస్‌పోర్టు తప్పనిసరి అని. మా ఇద్దరికీ ఉన్నాయి, ఎప్పుడో జెరూసలేం యాత్రకని చేయించుకున్నాం. వదినకి లేదు. చేయించుకునే టైమూ లేదు. మా ఆయనకీ అదే చెప్పాను.

ఇదీ ఆ నాలుగో అబద్ధం. స్టాఫ్ రూములో పుట్టింది కాదు. నాది. మన దేశం రేవుల మధ్య మాత్రమే తిరిగే ఓడకి పాస్‌పోర్టు అడగలేదు. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, ఆధార్ లాంటిది, చాలు. ఆ సంగతి ఏజెంటు నాకు మొదటిరోజే చెప్పాడు. సివిక్స్ టీచర్ని కదా, మామూలుగా అబద్ధమాడితే దొరికిపోతానని ఒక రూల్ తయారుచేశాను.

వదిన ఎందుకు, ఏమిటి అని తరచి అడగలేదు.

"పాస్‌పోర్టంటే ఆ నీలం బుక్కేనా? నాకెక్కడిదీ. సర్లే, మీరెల్లి రండి. నాకు కడుపులో తిప్పుద్దేమో కూడాని."

నా అబద్ధానికి ఆవిడే ఒక ఆసరా కూడా ఇచ్చింది.

బయల్దేరే ముందురోజు ఒక సంచి పంపించింది. లైఫ్ జాకెట్ల గుడ్డ మిగిలిన ముక్కలతో కుట్టిన నారింజరంగు సంచి. తనకోసం కుట్టుకున్నదని చూస్తేనే తెలుస్తుంది, భుజం పట్టీ ఆవిడ ఎత్తుకి సరిపడా పొట్టిగా ఉంది. పట్టీ రెండు చివర్లా చతురస్రంగా కుట్టి, మధ్యలో మూల నుంచి మూలకి అడ్డంగా రెండు కుట్లు వేసింది. బరువు మోసే చోట అలాగే కుట్టాలట. దారం ఆకుపచ్చ. నారింజ గుడ్డమీద ఆకుపచ్చయితేనే కళ్లకి ఆనుతుందని ఈమధ్య ఆవిడ అదే వాడుతోంది. "ఇదైనా ఓడెక్కుతాది, అట్టుకెల్లమను" అని మా ఆయనతో చెప్పిందట. ఆ మాట ఆయన నవ్వుతూ చెప్పారు. నేను సంచి తీసుకుని అడుగున స్వెట్టర్లు పెట్టాను.

పోర్టులో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర అమ్మాయి మా ఆధార్ కార్డులు చూసి చాలంది. మా ఆయన చేతిలో పాస్‌పోర్టులున్నాయి.

"ఇవక్కర్లేదేటమ్మా?"

"మన పోర్టుల మధ్యే కదండీ, అక్కర్లేదు."

ఆయన నావైపు తిరిగారు. రూల్స్ ఈమధ్యే మార్చినట్టున్నారు అన్నాను. ఆయన నమ్మారు. "అప్పకి ముందే తెలిసుంటే ఎంత బాగుణ్ణు" అని ఒక్కమాట అని పాస్‌పోర్టులు జేబులో పెట్టుకున్నారు. మొదటిసారి ఓడెక్కేవాళ్లు చెక్-ఇన్ లైన్‌లో చాలాసేపు నిలబడాల్సి వస్తుందని, మందులూ ఒక జత బట్టలూ చేతి సంచిలో ఉంచుకోవాలని, పెట్టెలు క్యాబిన్‌కి చేరేసరికి సాయంత్రమవుతుందని అందరూ చెబుతారు. ఆ లైన్‌లో అబద్ధం మోస్తూ నిలబడితే అది ఇంకా పొడుగ్గా ఉంటుందని ఎవరూ చెప్పరు.

అసలు విషయం ఓడ కదలకముందే జరిగింది. మధ్యాహ్నం నాలుగు గంటలు, ఎండ ఇంకా చురుగ్గానే ఉంది. చీకటి లేదు, ఒంటరితనం లేదు. చుట్టూ వందలమంది జనం.

ఓడ బయల్దేరేముందు ప్రయాణికులందర్నీ గుంపులుగా డెక్ మీద నిలబెడతారు. ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో, లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో చూపిస్తారు. మస్టర్ డ్రిల్ అంటారు. క్యాబిన్ నంబర్లు పిలిచి హాజరు కూడా తీసుకుంటారు. చాలామంది దాన్ని తమాషాగా తీసుకుంటారు. మా గుంపు కూడా ఫొటోలు తీసుకుంటూనే ఉంది.

మేము చివరి వరసలో నిలబడ్డాం. నా వెనక తెల్లరంగు వేసిన ఇనుప గోడ. నా వీపుకీ గోడకీ మధ్య ఒక చెయ్యి దూరేంత సందు, అంతే. ఎడమవైపు మా ఆయన, కుడివైపు నిర్మల. మాకిచ్చిన జాకెట్ తల మీంచి దూర్చుకునే రకం. దానికి పొడవాటి పట్టీ ఉంటుంది. దాన్ని వెనకనుంచి తిప్పి ముందు ముడేసుకోవాలి. నేను ముందు ముడేసుకున్నాను. చిన్నపిల్లల గౌనుకి కట్టే రిబ్బన్ ముడి. అది చూసి నిర్మల "క్యూట్‌గా ఉంది మేడమ్" అంది. ఇది గుర్తుపెట్టుకోండి. ముడి ముందు ఉంది. సాక్షి ఉంది.

సిబ్బందిలో ఒకాయన ఇంగ్లీషులో చెబుతున్నాడు. నేను వినడం లేదు. ఆ కట్టిన పట్టీలూ కుట్లూ చూస్తుంటే వదిన గుర్తొచ్చింది. ఇవి ఎక్కడ వేలాడదీస్తారో చూడాలని కదా అంది. మెట్ల పక్కన పెద్ద పెట్టెల్లో ఉన్నాయి, వేలాడదీయడం లేదు, వెళ్లి చెప్పాలి అనుకున్నాను. ఎలా చెబుతావు, ఏ మొహంతో చెబుతావు అని కూడా అనుకున్నాను.

అప్పుడు నడుం దగ్గర బిగిసింది.

నిర్మల లాగుతోందనుకున్నాను. మళ్లీ బిగిసింది, ఈసారి రెండు చుట్లు. తర్వాత వెన్ను మధ్యలో ఏదో నొక్కుకుంది, బొటనవేలంత. బ్లౌజు కొలత తీసేటప్పుడు వదిన సరిగ్గా అక్కడే బొటనవేలు నొక్కిపెట్టి టేపు చుట్టూ తిప్పుతుంది. గోడకున్న బోల్టేదో గుచ్చుకుంటోందని నాకు నేను చెప్పుకున్నాను. మిషను నూనె వాసన వచ్చింది. ఓడలో నూనె వాసన రాకపోతే ఏం వస్తుంది అని కూడా చెప్పుకున్నాను. వాదించడం నాకు కొత్త కాదు కదా, నాతోనైనా.

డ్రిల్ అయిపోయింది. అందరూ జాకెట్లు విప్పుతున్నారు. నేను ముందు ముడి కోసం తడుముకున్నాను. ముడి లేదు. పట్టీ నున్నగా, రెండు చుట్లు చుట్టి ఉంది. మా ఆయన నన్ను భుజాలు పట్టుకుని తిప్పారు.

"ఇదేటి? ఎనకాల కట్టేసుకున్నావు?"

విప్పబోయి ఆగిపోయారు. సిబ్బంది మనిషిని పిలిచారు. ఆయనొచ్చి చూసి, వంగి మళ్లీ చూసి, ఇది ఎవరు చేశారని అడిగాడు. ముడి కాదు. కుట్టేసి ఉంది. పట్టీ మీద పట్టీ ఆనించి, చతురస్రంగా కుట్టి, మధ్యలో మూల నుంచి మూలకి రెండు అడ్డకుట్లు. జాకెట్ మొత్తం తెల్లదారం. ఇది ఆకుపచ్చ.

కత్తెర తెచ్చారు. ముప్ఫై నలభైమంది చుట్టూ నిలబడి చూస్తుండగా జాకెట్ పట్టీ కత్తిరించి నన్ను బయటికి తీశారు. సిబ్బంది మనిషి నన్ను చూసిన చూపు నాకు తెలుసు. బెంచీ మీద పేరు చెక్కిన పిల్లల్ని నేను అలాగే చూస్తాను. కుట్టున్న ముక్క ఇమ్మని అడిగాను. చిరాగ్గా చేతిలో పెట్టాడు. ఇప్పటికీ నా దగ్గరుంది.

క్యాబిన్‌కి వెళ్లి ఆ ముక్కని వదిన సంచి పట్టీ పక్కన పెట్టాను. కుట్టు కుట్టుకీ ఎడం ఒకటే. చివర దారం ముడివేసిన పద్ధతి ఒకటే. దారం రంగు ఒకటే. మా ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసి, "అచ్చం అప్ప కుట్టులాగుందే" అన్నారు. ఆ తర్వాత ఆయన వాదన ఆయన చేశారు. ఈ ఓడ వాళ్లు ఎప్పుడో రిపేరుకిచ్చిన జాకెట్ అయ్యుంటుంది. అప్ప పనిచేసిన షాపులో నేర్చుకున్నవాళ్లెవరో కుట్టుంటారు. ఆ పట్టీ ముందే రింగులాగా కుట్టేసి ఉంది, నువ్వు చూసుకోకుండా తల మీంచి దూర్చుకున్నావు.

బాగుంది. మరి నేను ముందు కట్టిన ముడి? ఊపిరి తీసుకోవడానికి కూడా ఖాళీ లేకుండా బిగిసిన రింగు నా భుజాలు దాటి ఎలా దిగింది? అప్పటిదాకా మా ఇంట్లో ఇలాంటివి కొట్టిపారేసేది నేను, "ఏమో, ఉన్నాయేమో" అనేది ఆయన. ఆ పూట ఇద్దరం కుర్చీలు మార్చుకున్నాం. ఒక్కటి మాత్రం నేను చెప్పలేదు. అది వదినే అయితే రావడానికి ఒక కారణముంది అని. ఆ కారణం చెప్పాలంటే పాస్‌పోర్టు సంగతి చెప్పాలి.

"పాపం అప్ప వచ్చుంటే ఈ కుట్టు చూసి ఎంత నవ్వేదో" అన్నారాయన. ఓడ కదిలింది. అందరూ డెక్ మీదకి వెళ్లి డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక్కి జరగడం చూశారట. నేను క్యాబిన్‌లోనే ఉన్నాను, కడుపులో తిప్పుతోందని చెప్పి.

మర్నాడు పొద్దున్న టిఫిన్ దగ్గర నిర్మల తన ఫోన్‌లో తీసిన వీడియో చూపించింది. డ్రిల్‌లో తనని తాను తీసుకున్నది. పక్కన నేనూ పడ్డాను. మొదట్లో నా నడుం ముందు రిబ్బన్ ముడి స్పష్టంగా ఉంది. కెమెరా సముద్రం వైపు తిరిగింది, లైఫ్ బోట్ల వైపు తిరిగింది, వాళ్లాయన బట్టతల వైపు తిరిగింది, మళ్లీ మా దగ్గరకి వచ్చింది. ముడి లేదు. నా రెండు చేతులూ ముందే ఉన్నాయి, ఒకదాంట్లో క్యాబిన్ కార్డు, ఒకదాంట్లో హ్యాండ్‌బ్యాగు. వెనక తెల్లగోడ. గోడ ముందు ఎవరూ లేరు.

ఆ వీడియోలో నేను తల కొంచెం వెనక్కి తిప్పి, విసుగ్గా, ఇంట్లో మాట్లాడినట్టే అంటున్నాను: "చాల్లే వదినా, ఊపిరాడట్లేదు."

అన్న జ్ఞాపకం నాకు లేదు. ఇప్పటికీ లేదు.

"ఎవరితో మాట్లాడుతున్నారు మేడమ్?" అంది నిర్మల.

"మావారితో."

"మీవారిని వదినా అంటారా?"

పాస్‌పోర్టు లేక అక్క ఆగిపోయిందని మావారు అప్పటికే ఆమెకి చెప్పి ఉన్నారు. తెల్లచీర, గొంతు నులమడం అన్నీ అక్కడ పుట్టాయి. ఆమెని పెద్దగా తప్పుపట్టను. కథలో ఖాళీ ఉంటే జనం నింపుకుంటారు. ఆ ఖాళీ వదిలింది నేను.

మూడోరోజు మళ్లీ మన పోర్టులోనే దిగాం. మా ఆయన పెట్టెలతో ఇంటికి వెళ్లారు. నేను ఆటో ఎక్కి తిన్నగా వదిన ఇంటికి వెళ్లాను. సంచి తిరిగివ్వాలన్నది సాకు. బతికుందో లేదో చూడాలన్నది అసలు సంగతి. ఈ మాట ఒప్పుకోవడానికి కూడా సిగ్గే.

తలుపు తీసే ఉంది. వదిన మిషను మీద ఎవరిదో బ్లౌజు చేతులు కుడుతోంది. నన్ను చూసి పెడల్ ఆపింది. ఎలా జరిగిందని అడగలేదు, కూర్చోమనలేదు.

"కత్తిరించేసేరేటి?" అంది.

"ఏంటి వదినా?"

"పట్టీ."

అని మళ్లీ పెడల్ తొక్కింది.

ఎవరు చెప్పారు? మా ఆయన ఒట్టేశారు తను ఫోన్ చేయలేదని. ఆయన ఫోన్ నేను చూశాను కూడా, నాకు ఆ అలవాటు ఉంది. ఒడ్డు దాటాక సిగ్నల్ పోతుందని, బిల్లు పేలుతుందని మేమిద్దరం ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేశాం. దిగిన దగ్గర్నుంచి నేను ఆటోలోనే ఉన్నాను. నిర్మలకి వదిన పేరు కూడా తెలియదు.

ఆ రోజు నేను అడగాల్సింది. నీకెలా తెలుసు వదినా అని అడగాల్సింది. అడిగితే "అసలు నువ్వెందుకు రాలేదు" అన్నచోటికి మాట వెళ్తుంది. అందుకని సంచి బల్లమీద పెట్టి, ఓడబొమ్మ ఉన్న కీ చైన్ చేతిలో పెట్టి, నీళ్లయినా తాగకుండా వచ్చేశాను. ప్రశ్నలడగడమే బతుకైన మనిషిని, ఒక ప్రశ్నకి భయపడి పారిపోయాను.

రెండు నెలలు గడిచాయి. మా చర్చి స్త్రీల సమాజం వాళ్లు క్రూజ్‌కి వెళ్దామనుకున్నారు. విమలమ్మ వెళ్లొచ్చింది కదా, మొదటిసారి వెళ్లేవాళ్లకి తెలియాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసివ్వమనండి అన్నారు. రాయడం మొదలుపెట్టాను. కడుపులో తిప్పే రకం మనుషులు ఓడ మధ్యలో, కింది అంతస్తులో క్యాబిన్ తీసుకోండి. ఇస్త్రీ పెట్టెలు, కరెంటు కెటిల్సు తీసుకెళ్తే ఎక్కేచోటే ఆపేస్తారు. పచ్చడి సీసాల మీద ఆశ పెట్టుకోవద్దు. మెట్లెక్కలేని వాళ్లు ముందే చెప్పండి. డ్రిల్‌ని ఆటగా తీసుకోవద్దు.

గుర్తింపు కార్డుల దగ్గర చెయ్యి ఆగిపోయింది.

మన రేవుల మధ్య తిరిగే ఓడకి ఆధార్ చాలు అని రాస్తే వదిన చదువుతుంది. ఆ సమాజంలో అందరికన్నా పెద్ద సభ్యురాలు ఆవిడ, కాగితమిస్తే ప్రతి అక్షరం మీద వేలు పెట్టి చదివే మనిషి. రాయకపోతే ఆవిడలాంటి ఇంకో నలుగురు పాస్‌పోర్టు లేదని ఇంట్లో ఉండిపోతారు. రెండురోజులు ఆ కాగితం బైబిల్‌లో పెట్టుకుని తిరిగాను. మూడోరోజు కాలేజీ నుంచి తిన్నగా కోట వీధికి వెళ్లాను.

"కాగితం రాశాను వదినా. ముందు నువ్వు విను."

"సదువు."

మొదట్నుంచి చదివాను. ఆవిడ ఒక హుక్కు కుడుతోంది. గుర్తింపు కార్డుల వాక్యం వచ్చింది. అదీ చదివాను. హుక్కు కుట్టడం పూర్తయింది, దారం కత్తిరించింది.

"తెల్సు."

"ఎప్పట్నుంచి?"

"నువ్ సెప్పిన మర్నాడే. గేటు కాడ మనకి తెలిసినోల్లు లేరేటి? ఎల్లి అడిగేను. ఆధార్ సాలన్నారు."

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగితే ఏటౌద్ది? తీసుకెల్దువా?"

"తీసుకెళ్లక తప్పేది కాదు కదా."

"ఆ మొకంతోనా?" అంది. కోపంగా కాదు. కొలత తప్పిన గుడ్డని పక్కన పెట్టినంత మామూలుగా అంది. "నీ పక్కన నాను కూకుంటే నువ్వటేపు సూత్తావు, ఇటేపు సూత్తావు. నానేటి తిన్నా నీకు బెదురే. అలాగెక్కితే అది ఓడెక్కినట్టుంటాదేటి?"

నేను ఏడ్చాను. ఏడుపుతో తప్పించుకోవడానికి ప్రయత్నిస్తున్నానని నాకే తెలుస్తూ ఏడ్చాను. ఆవిడ నా బ్లౌజు చేతికేసి చూసి, "సెయ్యి బిగుతైపోనాదే, సంకలో కుట్టిప్పుతాను, ఇచ్చెల్లు" అంది.

తమ్ముడికి చెప్పిందా అని అడిగాను. చెప్పలేదట. ఆ సాయంత్రం నేనే చెప్పాను. మా ఆయన రెండువారాల పాటు నాతో మాట్లాడలేదు. నాతో వాదించేవాళ్లంటే నాకు భయం లేదు, మాట్లాడనివాళ్లంటే ఎంత భయమో అప్పుడే మొదటిసారి తెలిసింది.

ఇక ఆ కుట్టు సంగతి. కాగితం చదివిన రోజే వదినని అడిగాను, చేతిసంచిలోంచి కత్తిరించిన ముక్క తీసి బల్లమీద పెట్టి. ఆవిడ దాన్ని వెలుగుకి పట్టి చూసింది, గోటితో కుట్టు గీకి చూసింది. తన పని తాను చూసుకున్నట్టే చూసింది.

"మేం ఓడెక్కిన రోజు నాలుగింటికి ఎక్కడున్నావు వదినా?"

"ఇక్కడే. మిసను మీద. సీటు మీంచి లేవలేదు."

"ఏం కుడుతున్నావు?"

"గురుతు లేదు."

"పట్టీ కత్తిరించారని నీకెలా తెలుసు?"

"రిబ్బను ముడేత్తే నీళ్లలో ఆగుతాదేటే? ఊడిపోద్ది" అంది. అది నా ప్రశ్నకి జవాబు కాదు. ఇంకో రెండుసార్లు అడిగాను. ఆవిడ మిషను పెడల్ తొక్కడం మొదలుపెట్టింది. అంతటితో వదిలేశాను. జీవితంలో నేను మధ్యలో వదిలేసిన వాదన ఇదొక్కటే.

మా ఆయన ఇప్పటికీ అది పాత రిపేరు కుట్టేనంటారు. పాస్టరుగారు మనస్సాక్షి అంటారు. మనస్సాక్షికి దారం రంగు ఉంటుందా అని అడిగితే ప్రార్థన చేద్దామన్నారు. నిర్మలకి తెల్లచీరే కావాలి. నేను వీడియో చూశాను, ముక్కని భూతద్దం పెట్టి చూశాను, అటునుంచీ ఇటునుంచీ వాదించుకున్నాను. నాకు తేలలేదు. ఆవిడ కాదని నిరూపించలేను. ఆవిడేనని చెప్పుకోవడానికి నాకు అర్హత లేదు.

స్త్రీల సమాజం ప్రయాణానికి మొదటి పేరు వదినదే రాయించాను, ఆధార్ కాపీతో సహా. "సూద్దాంలే" అంటోంది. నా కాగితం చర్చిలో అందరికీ పంచారు. మొదటిసారి వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సినవన్నీ అందులో ఉన్నాయి, గుర్తింపు కార్డుల సంగతి అన్నిటికన్నా పైన పెద్దక్షరాల్లో ఉంది.

ఎలా వచ్చావని నేనిప్పుడు ఆవిణ్ణి అడగడం మానేశాను. నన్ను పట్టి పీడిస్తున్నది అది కాదు. గోడకీ నా వీపుకీ మధ్య చెయ్యి దూరేంత సందులోకి రాగలిగిన మనిషివి, నాలుగడుగులు అవతల అంత సముద్రం, అంత ఓడ, ముప్ఫయ్యేళ్లుగా చూడాలనుకున్నదంతా ఉంటే, తలెత్తి ఒక్కసారైనా చూడకుండా, నీకు అబద్ధం చెప్పినదాని నడుం దగ్గర పట్టీ ఊడకుండా కుట్టేసి, ఎప్పట్లాగే పని ముగించుకుని గేటు నుంచి వెనక్కి వెళ్లిపోయినట్టు ఎలా వెళ్లిపోయావు వదినా?